మూడు గురువారాల నోటీసు

మార్లీస్ కుబిచెక్ ఇరవై రెండేళ్లు బడి వంటగదుల్లో పనిచేసింది. అందులో చివరి తొమ్మిదేళ్లు లిష్కా ఊళ్లోనే. పిల్లలు ఏం పెడితే తింటారో, ఏం పెడితే చెత్తబుట్టలో పారేస్తారో ఆమెకు కొట్టిన పిండి. నలభై ఎనిమిదో ఏట మోకాళ్లు మొరాయించాయి. పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తడం ఇక తనవల్ల కాదని ఉద్యోగం మానేసి, నెబ్రాస్కా చలికాలమంతా కంప్యూటరు ముందు కూర్చుని చదివి, పోషకాహార సలహాదారుగా సర్టిఫికెట్ తెచ్చుకుంది. మెయిన్ వీధిలో మూతపడ్డ బట్టల కొట్టు అద్దెకు తీసుకుంది. గోడలకు తనే సున్నం వేసుకుంది, వంట చేసి చూపించడానికి వెనక గదిలో పొయ్యిలు పెట్టించి వంటగది చేసుకుంది. బోర్డు కూడా రాయించింది. ఆ తర్వాతే లాయరు దగ్గరికి వెళ్లింది.

ఊరికి ఉన్న లాయరు ఒక్కడే, గోర్డన్ టెప్లీ. డెబ్బై దాటాయి. ఆయన గదిలో ఎప్పుడూ పాత కాగితాల వాసన, పిప్పరమెంటు వాసన కలిసి ఉంటాయి.

"నీ మాట విని ఎవరో బీట్‌రూట్ రసం తాగి ఆసుపత్రిలో పడ్డారనుకో," అన్నాడు టెప్లీ. "దావా నీ మీద వేస్తారు. ఇల్లూ కారూ అన్నీ ఊడ్చుకుపోతారు. అదే బాధ్యతకి హద్దున్న కంపెనీ పెట్టుకుంటే దావా కంపెనీ మీద పడుతుంది. నువ్వు వేరు, అది వేరు."

"అది అంటే ఎవరండీ? ఉండేది నేనొక్కదాన్నేగా?"

"చట్టానికి ఇద్దరే. నువ్వొకదానివి, కంపెనీ ఇంకొకతి."

"తిండి తినని మనిషన్నమాట! అలాంటావిడతో నాకేం బేరం తగులుతుందండీ," అని నవ్వింది మార్లీస్.

టెప్లీ కూడా నవ్వి, కంప్యూటరు దగ్గరికి లాక్కుని, "పేరు చెప్పు," అన్నాడు.

"ప్లెయిన్ ప్లేట్."

ఆయన వేళ్లు ఆగిపోయాయి. తర్వాత నెమ్మదిగా టైపు చేసి, తెర వైపు చాలాసేపు చూశాడు. "ఈ పేరుతో ఇదివరకు ఒకటుంది. కాగితాలు దాఖలు చెయ్యకపోతే ప్రభుత్వమే రద్దు చేసింది. ఇరవై ఆరేళ్ల కిందటి మాట."

"ఎవరిదండీ?"

"వ్లాస్టా హ్రోమాస్ అని, మన ఊరే. పోయింది పాపం." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "వేరే పేరేదైనా చూడకూడదూ?"

"రద్దయిన పేరు పెట్టుకోకూడదా?"

"పెట్టుకోవచ్చు. అడ్డేమీ లేదు."

"మరింకేం? బోర్డు కూడా రాయించేశాను."

వారం తిరక్కుండా రాష్ట్ర రాజధాని లింకన్ నుంచి రాష్ట్ర ముద్రతో పత్రం వచ్చింది. మార్లీస్ దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. ఇక మిగిలింది ఒక్కటే. ఫలానా కంపెనీ పుట్టిందని స్థానిక పత్రికలో వరసగా మూడు వారాలు నోటీసు వేయించాలి. లిష్కా పత్రిక వారానికోసారి, గురువారం వస్తుంది.

మొదటి గురువారం ట్రాక్టర్ల వేలానికీ చర్చి విందుకీ మధ్య, చూపుడువేలంత జాగాలో నోటీసు పడింది. మధ్యాహ్నం రెండు గంటలకు తలుపు తెరుచుకుని ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. సెప్టెంబరు ఎండ మాడుస్తుంటే ఆవిడ ఉన్ని కోటు వేసుకుంది, చేతులకు తొడుగులు కూడా ఉన్నాయి. కుర్చీ అంచున, వీపు ఆనించకుండా, నిటారుగా కూర్చుంది.

"నోటీసు చూశాను. మళ్లీ తెరిచారన్నమాట," అంది.

"మళ్లీ కాదండీ, ఇదే మొదలు. నా పేరు మార్లీస్."

"నేను అడెలీన్ సుకుప్‌ని. మంగళవారం మూడింటికి నా వంతు. మీ కాగితాల్లో ఉంటుంది చూడండి." ఆవిడ సంచిలోంచి నీలం అట్ట నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్కరోజు కూడా మానలేదు. చాలని చెప్పేదాకా రాయమన్నారు. ఎవరూ చెప్పలేదు."

"ఎవరు రాయమన్నారండీ?"

పరాచకాలాడుతున్న పిల్లని చూసినట్టు చూసింది అడెలీన్. "కంపెనీ," అంది.

ముసలితనంలో మతి తప్పి ఉంటుంది పాపం అనుకుంది మార్లీస్. పక్కింటావిడ ఇచ్చిన కొలాచీలు, నడిమధ్య ఆప్రికాట్ ముద్ద పెట్టిన బన్నులు, పళ్లెంలో ఉంటే ఒకటి ఆవిడ ముందుకు జరిపింది. అడెలీన్ దానికేసి చాలాసేపు చూసింది. గొంతు కదిలింది. చెయ్యి కొంచెం ముందుకు వచ్చి ఆగిపోయింది.

"రాయాల్సి వస్తుంది," అని చెయ్యి వెనక్కి తీసుకుని లేచింది. "పుస్తకం చూసి చెప్పండి. వచ్చే గురువారం వస్తాను."

ఈ ఎండలో ఎలా నడుస్తుంది, కారులో దింపుదామని మార్లీస్ వెంటనే వీధిలోకి వచ్చింది. మెయిన్ వీధి ఈ చివర నుంచి ధాన్యం గాదెల దాకా తిన్నగా ఉంటుంది. ఎక్కడా మనిషన్నవాడు లేడు.

లోపలికి వచ్చి పుస్తకం తిప్పింది. పేజీ నిండా ఒకే రకం వరసలు. నల్ల కాఫీ. అర పియర్ పండు. గాలి ఎక్కువగా ఉంది. నల్ల కాఫీ. అర పియర్. కుడి మోకాలు నొప్పి. ముందు పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, నల్లగా ఉన్నాయి. పోనుపోనూ పలచబడ్డాయి. చివరి పేజీల్లో పెన్సిలు జాడే లేదు, గోటితో గీసినట్టు కాగితం మీద నొక్కులు మాత్రమే. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని ఆఖరి వరస చదివింది. నిన్నటి తేదీ. నల్ల కాఫీ. అర పియర్. పొద్దున ఏడున్నరకి వడగళ్లు.

నిన్న ఏడున్నరకి పడిన వడగళ్లకు మార్లీస్ పెరట్లో టమాటా మొక్కలు నేలమట్టమయ్యాయి.

మర్నాడు పుస్తకం తీసుకుని టెప్లీ దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"అడెలీన్ పోయి పదకొండేళ్లయింది, మార్లీస్. శవపెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి." ఆయన గొంతు తగ్గించాడు. "ఎంత తేలిగ్గా ఉందో తెలుసా? ఆరుగురం అక్కర్లేదు. ఇద్దరు చాలు."

మార్లీస్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పాత కంపెనీ బాధ్యత నా నెత్తిన పడుతుందాండీ?" అని అడిగింది.

"పడదు. పేరొకటే గానీ దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఆ మాట ఆవిడకి ఎవరు చెబుతారు?"

టెప్లీ కాగితాల కట్ట ముందుకు లాక్కున్నాడు. "కావాలంటే పేరు మార్చేద్దాం. రేపే కాగితాలు రాస్తాను," అన్నాడు.

ఆలోచించుకుని చెబుతానని వచ్చేసింది. ఆలోచన తెగలేదు. రెండో గురువారం వచ్చింది, రెండో నోటీసూ పడింది. ఆ రోజు కొట్టు తెరవకుండా ఉందామనుకుంది గానీ, తెరవకపోతే ఇంటికి వస్తారేమోనన్న భయం పట్టుకుని తెరిచింది.

ఒంటిగంటకు ఒక పెద్దాయన వచ్చాడు. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కంకిలా ఉన్నాడు. టోపీ తీసి, "నా పేరు ఎమిల్ వొండ్రా. ఏటి అవతల మా పొలం," అన్నాడు. మార్లీస్ ముందు చెయ్యి చాపింది. కలిపాక వదల్లేదు.

"వెచ్చగా ఉందో లేదో చూస్తున్నావా అమ్మాయ్?" అని నవ్వాడాయన. "బతికే ఉన్నాలే. మిగిలింది నేనొక్కణ్ణే. టెప్లీ ఫోను చేశాడు."

ఆమె సిగ్గుపడి చెయ్యి వదిలేసింది. ఆయన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

"అప్పట్లో నేను పందిలా ఉండేవాణ్ణి. నీ కాళ్లు తీసేయాల్సి వస్తుందని డాక్టరు భయపెట్టాడు. వ్లాస్టా ఒమాహా నగరంలో ఆసుపత్రిలో పనిచేసి వచ్చింది. మంచి మనిషే, చెడ్డదని నేననను. పదకొండుమందిమి చేరాం. ఆవిడ చెప్పేది మూడే ముక్కలు. తిన్నది రాయండి. రాయలేనిది తినకండి. నేను చాలనేదాకా ఆపకండి. అందరికీ నయమైంది. నా షుగరు దిగిపోయింది. ఇంకేం, రేపో మాపో చాలంటుంది అనుకుంటూ ఉన్నాం. జనవరిలో ఆవిడ వంటగదిలో నిలబడి నిలబడే పోయింది."

"మరి మీరే ఆపేయొచ్చుగా?"

"ఆపాను, ఒకసారి. మావాడి పెళ్లిలో. బాతు మాంసం, డంప్లింగులు, పుల్లటి క్యాబేజీ. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. వెనకాల ఎవరో పెన్సిలు చెక్కుతున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ముక్క రుమాల్లో ఊసేశాను." ఎమిల్ తన జేబులోంచి నీలం అట్ట పుస్తకం తీశాడు. "నువ్వు నవ్వుకున్నా సరే. ఇవాళ పొద్దున కూడా రాశాను."

మార్లీస్‌కు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆయన వెనక, గోడవారగా వేసిన మడత కుర్చీల్లో, మనుషులు కూర్చుని ఉన్నారు. తలుపు తెరుచుకోవడం ఆమె చూడలేదు. అడెలీన్‌తో కలిపి నలుగురు ఆడవాళ్లు, ఒక మగవాడు. అందరూ నిటారుగా, వీపులు ఆనించకుండా.

"వచ్చారా?" అన్నాడు ఎమిల్, తల తిప్పకుండా.

"మీకు... కనబడటం లేదా?"

"తిరిగితే కనబడతారు. తిరగను. వాళ్లలో మా ఆవిడ ఉంటుంది. బెర్నీస్. ఇద్దరం కలిసే చేరాం." ఆయన టోపీ రెండు చేతుల్లో నలిగిపోతోంది. "పోయి ఏడేళ్లు. చివర్లో నాకు వండిపెట్టి, తను వాసన చూసి లేచిపోయేది."

"నా పుస్తకం చూశారా?" అంది అడెలీన్ గోడ దగ్గర నుంచి.

"చూశానండీ. వచ్చే గురువారం... వచ్చే గురువారం చెబుతాను," అంది మార్లీస్.

వాళ్లు లేచారు. అడెలీన్ తప్ప మిగిలిన నలుగురూ వరసగా వచ్చి తలా ఒక పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లారు. దగ్గరగా వచ్చినప్పుడు వాళ్ల మీద ఏ వాసనా లేదు, సబ్బు వాసన కూడా. చివరావిడ ఎమిల్ కుర్చీ పక్కన ఒక్క క్షణం ఆగింది. ఆయన నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు.

ఆ వారమంతా మార్లీస్ పుస్తకాలు చదివింది. బెర్నీస్ పుస్తకంలో తన తిండి ఒక్క వరసే. దాని కింద ప్రతిరోజూ ఇంకో వరస. ఎమిల్‌కి సూప్ చేశాను, వాసన బాగుంది. ఎమిల్‌కి రొట్టె కాల్చాను, అంచులు బాగా వచ్చాయి. ఏడేళ్ల నాటి ఒక తేదీ తర్వాత వంటల మాట లేదు. ఎమిల్ ఇవాళ ఏం తిన్నాడో తెలియదు. ఎమిల్ ఇవాళ ఏం తిన్నాడో తెలియదు. నొక్కుల అక్షరాల్లో, ఏడేళ్లపాటు, అదే వరస.

పుస్తకం మూసి మార్లీస్ టెప్లీ దగ్గరికి వెళ్లింది. "పేరు మార్చొద్దండీ," అంది. "వాళ్లకి చాలని చెప్పాల్సింది కంపెనీ. వ్లాస్టా కాదు, నేనూ కాదు. ఆ పేరు ఇప్పుడు నా దగ్గరుంది. నేను మార్చుకుంటే వాళ్లకి చెప్పేవాళ్లే ఉండరు."

"చట్టంలో అలా లేదు, మార్లీస్."

"లేకపోతే పోనివ్వండి."

మూడో గురువారం తెల్లారగానే పొయ్యిలన్నీ వెలిగించింది. నాలుగువందల మంది పిల్లలకు వండిన చేతులు. పన్నెండు మంది ఒక లెక్కా? బాతులు కాల్చింది. డంప్లింగుల పిండిముద్దలు ఉడికించి దారంతో ముక్కలు కోసింది. క్యాబేజీలో సోపుగింజలు వేసింది. గసగసాలవి కొన్ని, ఆప్రికాట్‌వి కొన్ని కొలాచీలు చేసింది. బల్లలన్నీ కలిపి దుప్పటి పరిచింది. మధ్యాహ్నానికి ఆ వాసనకి వీధిలో పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి తొంగిచూసి, "మార్లీస్, ఇదేనా నీ పథ్యం?" అని వేళాకోళం చేసిపోయారు.

ఎమిల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

రెండింటికి వాళ్లు వచ్చారు. ఈసారి పదిమంది. కిందటిసారి రానివాళ్లు కూడా తమ పుస్తకాలు పక్కన పెట్టుకుని, ఎవరి కుర్చీ ఏదో ముందే తెలిసినట్టు కూర్చున్నారు. బెర్నీస్ ఎమిల్ పక్కన కూర్చుంది. మార్లీస్ అందరి పళ్లేల్లో వడ్డించి, బల్ల చివర నిలబడింది.

"కంపెనీ తరఫున చెబుతున్నాను," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "అందరి పుస్తకాలూ చూశాం. చాలు. ఇక రాయక్కర్లేదు. తినండి."

ఎవరూ కదల్లేదు. పదిమందీ ఆమెను దాటి వంటగది గుమ్మం వైపు చూస్తున్నారు. ఎమిల్ లేచి నిలబడ్డాడు.

"వ్లాస్టా," అన్నాడు.

గుమ్మంలో ఉన్నావిడకు నలభై మించవు. తెల్లటి చొక్కా, మణికట్టు దాకా గుండీలు. మొహంలో కోపం లేదు. వార్డుల్లో తిరిగే పెద్ద నర్సు చూపులా ఉంది ఆ చూపు.

"వాళ్లకి చాలని చెప్పే అధికారం నీకెవరిచ్చారు?" అని అడిగింది.

మార్లీస్ వెనక్కి రెండడుగులు వేసి, గోడకున్న ఫ్రేము దించి, గుండెలకు పట్టుకుని తిరిగి వచ్చింది. చేతులు చాపి ఆవిడ ముందు పట్టుకుంది.

"ప్లెయిన్ ప్లేట్ ఇప్పుడు నాదండీ. మీది రద్దయిపోయింది. మీకెవరూ చెప్పి ఉండరు."

వ్లాస్టా వంగి చదివింది. మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా, గాజుకు ఆనించకుండా వేలు నడిపిస్తూ చదివింది. తేదీ దగ్గర చాలాసేపు ఆగింది.

"ఎప్పుడు రద్దయింది?"

"ఇరవై ఆరేళ్లయింది."

"ఫిబ్రవరిలో చెబుదామనుకున్నాను," అంది వ్లాస్టా. "అందరికీ నయమైంది. ఇంకొక్క నెల చూసి, ఫిబ్రవరిలో చెబుదామని." ఆవిడ బల్ల చుట్టూ కూర్చున్న మొహాలను ఒక్కొక్కటే చూసింది. తర్వాత తన జేబులోంచి ఒక నీలం పుస్తకం తీసి మార్లీస్ వైపు చాపింది. "నాకు కూడా నువ్వే చెప్పాలి మరి."

మార్లీస్ పుస్తకం అందుకుంది. అది మంచుముక్కలా ఉంది.

"మీకు కూడా చాలండీ," అంది. "రండి, కూర్చోండి." తనకోసం వేసుకున్న కుర్చీ వెనక్కి లాగింది.

వ్లాస్టా కూర్చుంది. ఆవిడ ఫోర్కు చేతిలోకి తీసుకున్నాకే మిగతావాళ్లు తీసుకున్నారు. పళ్లేలకు ఫోర్కులు తగిలే చప్పుడు లేదు, నమిలే చప్పుడు లేదు. వీపులు మాత్రం ఒక్కొక్కటిగా కుర్చీలకు ఆనాయి. ఎమిల్ అప్పుడు మొదటిసారి పక్కకు తిరిగి భార్య మొహం చూశాడు. చూస్తూనే బాతు ముక్క నోట్లో పెట్టుకుని, ఏడుస్తూ తిన్నాడు.

మార్లీస్ కాఫీ తేవడానికి వంటగదిలోకి వెళ్లింది. కెటిలు పట్టుకుని వచ్చేసరికి బల్ల దగ్గర ఎమిల్ ఒక్కడే ఉన్నాడు. ఆయన పళ్లెం ఖాళీ. మిగతా పదకొండు పళ్లేలూ వడ్డించినవి వడ్డించినట్టే ఉన్నాయి.

ఎమిల్ బెర్నీస్ పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని కొరికాడు. నెమ్మదిగా నమిలాడు.

"చూడు," అని ఆమెకిచ్చాడు.

మార్లీస్ నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, పులుపు లేదు, కొవ్వు రుచి లేదు. తడి కాగితం నమిలినట్టుంది. కొలాచీ తుంచి చూసింది. తీపి లేదు. పక్కింటివాళ్ల కుక్కకు బాతు ఎముక వేస్తే అది వాసన చూసి, తోక ముడుచుకుని, మెట్ల కిందకు దూరింది. ఇద్దరూ కలిసి పళ్లేలు కడిగారు. ఎమిల్ తన పుస్తకంతో సహా పన్నెండూ అట్టపెట్టెలో వేసుకుని వెళ్లి, పొలంలో కాల్చేశాడు.

మూడు నోటీసులూ పడినట్టు పత్రికవాళ్లు ఇచ్చిన రుజువు లింకన్‌కు వెళ్లింది. క్రిస్మస్ నాటికి ప్లెయిన్ ప్లేట్‌కు ఏడుగురు చేరారు, అందరూ బతికున్నవాళ్లే. ఎమిల్ ఇంకా రెండేళ్లు బతికాడు. ఆదివారాలు కాఫీ హోటల్లో పళ్లెం నిండా పెట్టించుకుని తినేవాడు. షుగరు పెరిగిందని డాక్టరు కేకలేస్తే, కేకలేసేవాళ్లుండటం ఎంత బాగుందో అని మార్లీస్‌తో చెప్పుకుని నవ్వేవాడు.

మార్లీస్ మాత్రం నోటీసుల గడువు ముగిసిన మర్నాడే టెప్లీ దగ్గరికి వెళ్లి, కంపెనీ నియమావళిలో ఇంకొక షరతు చేర్చమంది. తనకేదైనా అయితే కంపెనీ మూసేసే ముందు, చేరిన ప్రతి ఒక్కరి ఇంటికీ ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి, చాలు అని చెప్పి రావాలి.

"నలభై ఐదేళ్ల ప్రాక్టీసులో ఇలాంటి షరతు రాయలేదు," అన్నాడు టెప్లీ. "ఎవరో ఒకరంటే కుదరదు. పేరు ఉండాలి."

"మీ పేరే రాసుకుంటారాండీ?"

ఆయన కిటికీలోంచి వీధి వైపు చూశాడు. "నా తర్వాత ఎవరో కూడా చెప్పు," అన్నాడు. "ఆ తర్వాత ఎవరో కూడా." అని, కలం మూత తీశాడు.